బండరాయికి బదిలీ ఉత్తర్వు ఎవరిచ్చారు?



బడిలో చేరేటప్పుడు నింపే ఫారంలో 'స్వస్థలం' అని ఒక గడి ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, నాన్నగారి శాఖ, అమ్మగారి ఉద్యోగం అన్నీ మీరు చకచకా నింపేస్తారు. ఆ గడి దగ్గరకు వచ్చేసరికి కలం ఆగుతుంది. ఒకసారి ఆరో తరగతిలో కొత్తగా చేరిన ఒక పాప అందులో మూడు ఊళ్ల పేర్లు రాసి, మూడింటినీ కొట్టేసి, చివరికి 'ఇంకా తెలియదు' అని రాసింది. తాతగారిది శ్రీకాకుళం జిల్లా. తను పుట్టింది జోధ్‌పూర్‌లో. మాటలు నేర్చింది జబల్‌పూర్‌లో. "మేడమ్, ఏది రాస్తే నిజమవుతుంది?" అని అడిగింది.

మాకు వెంటనే జవాబు తోచలేదు. మేమూ మీలాంటివాళ్లమే. పన్నెండేళ్ల ఉద్యోగంలో ఐదు ఊళ్లు మారాం. మా ఇంట్లో ఇప్పటికీ విప్పని అట్టపెట్టెలు రెండున్నాయి. ఏ ఊళ్లో అడుగుపెట్టినా తెలుగు తరగతికి ఐదారుగురు పిల్లలు వస్తారు. వాళ్లతో 'మా ఊరు' అని వ్యాసం రాయించబోతే, "ఏ ఊరి గురించి రాయమంటారు?" అన్న ప్రశ్న ప్రతి ఏడూ వస్తుంది.

ఈ ప్రశ్నకు తెలుగు వాచకంలో కాక, నేలలో ఒక జవాబు ఉందని ఇన్నేళ్ల బదిలీల తర్వాత మాకు అనిపిస్తోంది. మా అభిప్రాయం సూటిగా ఇది: ఊరు మారిన ప్రతిసారీ ఆ ఊరి నేల కథ తెలుసుకోవడం మనలాంటివాళ్ల బాధ్యత. ఆ కథలో మంచు యుగాల అధ్యాయం తప్పకుండా ఉండాలి. ఎందుకో, దాన్ని నిర్లక్ష్యం చేస్తే ఏం పొరపాటు జరుగుతుందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మంచు యుగం అంటే

మంచు యుగం అనగానే మీకు కార్టూన్ సినిమాలోని పెద్ద దంతాల ఏనుగు గుర్తొస్తుంది. అది ఎక్కడో దూరదేశంలో, ఎప్పుడో అయిపోయిన సంగతి అనిపిస్తుంది. రెండూ సగం సగం నిజాలే.

గత 26 లక్షల ఏళ్లుగా భూమి ఒక పెద్ద మంచు యుగంలోనే ఉంది. ధ్రువాల దగ్గర మంచు పలకలు ఉన్నంతకాలం అది ముగిసినట్టు కాదు. ఆ పెద్ద యుగం లోపల చలి బాగా ముదిరిన దశలు, కాస్త వెచ్చబడిన దశలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. మనం ఇప్పుడున్నది వెచ్చని దశలో. అది సుమారు 11,700 ఏళ్ల క్రితం మొదలైంది. మనిషి సేద్యం చేయడం, ఊళ్లు కట్టడం, అక్షరాలు దిద్దడం అన్నీ ఈ దశలోనే జరిగాయి.

దానికి ముందటి చలి దశ సుమారు 20,000 ఏళ్ల క్రితం పతాక స్థాయికి చేరింది. అప్పుడు కెనడా అంతటా, అమెరికా ఉత్తర భాగంలో, స్కాండినేవియాలో మంచు పలకలు పరుచుకున్నాయి. కొన్నిచోట్ల వాటి మందం 3 కిలోమీటర్లు దాటింది. భూమి సగటు ఉష్ణోగ్రత ఇప్పటికన్నా 5, 6 డిగ్రీలు మాత్రమే తక్కువ. ఈ 'మాత్రమే'ను గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది. అంత నీరు మంచుగా నేల మీద నిలిచిపోయింది కాబట్టి సముద్రమట్టం దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. ఆ మంచు బరువుకు కుంగిన స్కాండినేవియా నేల ఇప్పటికీ లేస్తూనే ఉంది. స్వీడన్, ఫిన్లండ్ల మధ్యనున్న సముద్ర తీరం కొన్నిచోట్ల ఏడాదికి 8, 9 మిల్లీమీటర్లు పైకి వస్తోంది. మోపు దించాక కూడా కూలివాడి నడుము వెంటనే నిటారు కానట్టు!

మన దేశం మంచు కింద మునిగిపోలేదు. హిమాలయాల్లో హిమానీనదాలు ఇప్పటికన్నా చాలా కిందికి దిగివచ్చాయి. మైదానాల్లో వానలు తగ్గాయి, సముద్రం దూరం జరిగింది. అంటే మంచు రాని చోటికి కూడా మంచు యుగం వచ్చింది.

దీన్ని కనిపెట్టింది ఎవరు?

ఈ కథలో మాకు బాగా నచ్చిన భాగం ఇదే. స్విట్జర్లాండ్ లోయల్లో ఎక్కడా కొండ లేని చోట ఇంటంత బండరాళ్లు ఒంటరిగా పడి ఉండేవి. ఆ చుట్టుపక్కల అలాంటి రాయి దొరకదు. పెద్ద వరద తెచ్చి పడేసిందని పండితులు అనేవారు. జాన్ పియర్ పెరోదాఁ అనే కొండపల్లె మనిషి మాత్రం, ఒకప్పుడు హిమానీనదం ఈ లోయంతా నిండి ఉండేదని, రాళ్లను అదే మోసుకొచ్చిందని 1815 ప్రాంతంలోనే చెప్పాడు. ఆయన కొండమేకల వేటగాడు. రోజూ ఆ రాళ్ల మధ్య తిరిగేవాడు, హిమానీనదం అంచున రాయి మీద పడే గీతలు చూసినవాడు. మొదట ఎవరూ నమ్మలేదు. ఇంజనీరు వెనెట్స్, భూగర్భ శాస్త్రవేత్త షార్పాంతియే మెల్లగా ఒప్పుకున్నారు. 1837లో లూయీ అగాసీ ఒక శాస్త్ర సభలో ఆ భావాన్ని లోకానికి చాటాడు. పేరు ఎక్కువగా ఆయనకే దక్కింది.

మరి అంత చలి ఎందుకొచ్చింది? దీనికి సమాధానం వెతికినవాళ్లలో జేమ్స్ క్రాల్ ఒకడు. స్కాట్లండ్‌లో పేద కుటుంబంలో పుట్టాడు. వడ్రంగం చేశాడు, టీ అమ్మాడు, బీమా పాలసీలు అమ్మాడు, ఏదీ కలిసిరాలేదు. చివరికి 1859లో గ్లాస్గోలో ఒక కళాశాల మ్యూజియంలో కాపలాదారు ఉద్యోగంలో చేరాడు. అక్కడి గ్రంథాలయం ఆయనకు బడి అయింది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారిలో వచ్చే మార్పులకు మంచు యుగాలతో సంబంధం ఉందని 1864లో వ్యాసం రాశాడు. తర్వాత రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

ఆ లెక్కను పూర్తి చేసింది సెర్బియాకు చెందిన మిలుటిన్ మిలంకోవిచ్. మొదటి ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు శత్రుదేశస్థుడని ఆయనను నిర్బంధించారు. తర్వాత బుడాపెస్ట్‌లో ఉండటానికి, అక్కడి గ్రంథాలయం వాడుకోవడానికి అనుమతించారు. అక్కడే కూర్చుని లెక్కలు చేశాడు. ఆయన చెప్పింది ఇది. భూమి దారి సుమారు లక్ష ఏళ్లకొకసారి కాస్త సాగి మళ్లీ గుండ్రమవుతుంది. భూమి వాలు 41,000 ఏళ్ల ఆవృత్తిలో కొద్దిగా పెరిగి తగ్గుతుంది. బొంగరం తల తిప్పినట్టు అక్షం కూడా తిరుగుతుంది, దాని ప్రభావం సుమారు 23,000 ఏళ్లకు ఒకసారి మళ్లీ వస్తుంది. ఈ మూడూ కలిసి ఉత్తరాన వేసవి ఎండను తగ్గించినప్పుడు చలికాలంలో పడిన మంచు కరగకుండా మిగిలిపోతుంది. ఏడాది మీద ఏడాది అలా మిగిలితే మంచు పలక పెరుగుతుంది. ఎంత మంచు పడిందన్నదానికన్నా ఎంత కరిగిందన్నదే ముఖ్యం. మన ఇంటి ఖర్చుల లెక్కలాగే!

వేటగాడు, కాపలాదారు, నిర్బంధంలో ఉన్న లెక్కల మాస్టారు. సొంత చోటులో స్థిరంగా కూర్చున్నవాళ్లే ఏదైనా సాధిస్తారని ఎవరైనా మీతో అంటే ఈ ముగ్గురి పేర్లు చెప్పండి.

మన పోస్టింగుల్లో మంచు యుగం

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. 'మన ఊళ్లు' అంటే మన నాన్నలు, అమ్మలు బదిలీ అయ్యే ఊళ్లు. దేశంలో కంటోన్మెంటు, రైల్వే కాలనీ, గని టౌన్‌షిప్, నౌకా స్థావరం ఉన్న చోట్లన్నీ మనవే కదా.

ముందు లడఖ్. అక్కడున్న ఏడాది మేము మొదట గమనించింది కొండ పాదాల దగ్గరి గుట్టలు. అందులో పిండిలాంటి మట్టి, గులకరాళ్లు, కారంత బండలు అన్నీ కలగలిసి ఉంటాయి. నది అలా చేయదు. నది పద్ధతి గల ఇల్లాలు. పెద్ద రాళ్లను ఎగువన వదిలి, ఇసుకను కాస్త దిగువన సర్ది, మెత్తటి ఒండ్రును చివరిదాకా తీసుకెళ్లి పరుస్తుంది. మంచు మాత్రం మన సామాను లారీలాంటిది. అప్పడాల కర్ర, లెక్కల పుస్తకం, బకెట్టు అన్నీ ఒకే పెట్టెలో వేసి, దిగిన చోట ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. హిమానీనదం కరిగిన చోట అలా కుమ్మరించిన గుట్టలనే మొరైన్లు అంటారు. లోయ ఆకారం కూడా చెబుతుంది. నది కోసిన లోయ 'V' అక్షరంలా ఇరుకుగా ఉంటుంది. మంచు తొలిచిన లోయ అడుగు వెడల్పై 'U' అక్షరంలా ఉంటుంది.

ఈ 'సామాను లారీ' గుర్తు మనసులో పెట్టుకుని బొగ్గు ఊళ్లకు రండి. ఒడిశాలోని తాల్చేరు దగ్గర 1856లో బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్తలు ఒక వింత చూశారు. ఆకుపచ్చ ఛాయగల మెత్తటి మట్టిరాయిలో పెద్ద పెద్ద బండలు చెల్లాచెదురుగా ఇరుక్కుని ఉన్నాయి. నీరు వాటిని అలా పెట్టలేదు. ఇది మంచు పని అని వాళ్లు రాశారు. మండిపోయే ఒడిశాలో మంచేమిటి? ఆ రోజుల్లో చాలామందికి అది నమ్మశక్యం కాలేదు. తర్వాత మహారాష్ట్రలోని చంద్రాపూర్ దగ్గర, ఇరాయి గ్రామం వద్ద, మంచు నునుపు చేసి గీతలు గీసిన రాతి నేల కూడా దొరికింది.

ఆ మంచు మనం ఇంతసేపు చెప్పుకున్న మంచు యుగానిది కాదు. సుమారు 30 కోట్ల ఏళ్ల నాటిది. అప్పుడు మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, దక్షిణ అమెరికాలతో కలిసి ఉండేది. ఆ ఖండాల్లోనూ ఇవే బండల పొరలున్నాయి. ఆ మహాఖండానికి గోండ్వానా అని పేరు పెట్టారు. ఆ మాట మన గోండుల సీమ పేరు నుంచి వచ్చింది. ఆదిలాబాద్ వైపు పిల్లలకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. మంచు కరిగాక ఆ పల్లపు నేలల్లో చిత్తడి అడవులు పెరిగాయి. అవి కుళ్లి, పొరల కింద నలిగి బొగ్గయ్యాయి. తాల్చేరు బొగ్గు, సింగరేణి బొగ్గు ఆ గోండ్వానా బొగ్గే. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టినప్పుడు, దాని అడుగున ఒక మంచు యుగం నిద్రపోతోందన్న మాట.

ఒక గని టౌన్‌షిప్‌లో మా తెలుగు తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. వాళ్ల నాన్న షావెల్ ఆపరేటరు. 'మా నాన్న ఉద్యోగం' అని వ్యాసం రాయమంటే నాలుగు వాక్యాలతో సరిపెట్టాడు. తర్వాత ఈ కథ చెప్పాం. రెండు రోజులకు రెండు పేజీలు రాసుకొచ్చాడు. అందులో ఒక వాక్యం మాకింకా గుర్తుంది. 'మా నాన్న రోజూ అడవిలోకి దిగుతాడు, ఆ అడవి కింద మంచు ఉండేది.' ఆ వాక్యంలో ఒక్క అక్షరం కూడా దిద్దబుద్ధి కాలేదు.

ఇక సముద్రతీరం. విశాఖపట్నంలో, కాకినాడలో, మండపంలో, పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండే పిల్లలు ఒక పని చేయండి. ఒడ్డున నిలబడి, నీరు 120 మీటర్లు కిందికి దిగినట్టు ఊహించుకోండి. విశాఖ దగ్గర తీరం పదుల కిలోమీటర్ల అవతలికి పోతుంది. తమిళనాడుకీ శ్రీలంకకీ మధ్య ఇప్పుడున్న సముద్రం చాలా లోతు తక్కువ. అది నేలవుతుంది, నడిచి వెళ్లవచ్చు. ఉత్తర, మధ్య, దక్షిణ అండమాన్లు ఒకే పెద్ద దీవి అవుతాయి. 20,000 ఏళ్ల క్రితం అలాగే ఉండేది.

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. చాలామంది అక్కడ ఫొటోలు దిగి వచ్చేస్తారు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఎత్తి తీరం వెంట పోసిందని, ఆ ఇసుకలోని ఇనుము కాలక్రమంలో తుప్పు పట్టి ఎర్రబడిందని భూగర్భ శాస్త్రవేత్తలు వివరిస్తారు. జాతీయ భూవారసత్వ ప్రదేశంగా వాటిని గుర్తించారు. అయినా వాటి చుట్టూ తవ్వకాల గురించి పత్రికల్లో వార్తలు వస్తూనే ఉన్నాయి. గుడి గోడ తవ్వితే ఊరంతా కదులుతుంది. దిబ్బ తవ్వితే మట్టే కదా అనుకుంటాం. కథ తెలియకపోవడం వల్ల వచ్చే నష్టం ఇలాగే ఉంటుంది.

గోదావరి డెల్టా కథ ఇంకా దగ్గరిది. సముద్రం కిందికి దిగినప్పుడు నది లోతుగా కోసుకుంటూ దూరంగా పారింది. మంచు కరిగి సముద్రం పైకొచ్చినప్పుడు ఆ లోయ మునిగింది. సుమారు 7,000 ఏళ్ల క్రితం ఆ పెరుగుదల నెమ్మదించాకే నది తెచ్చిన ఒండ్రు ఒకచోట నిలిచింది, మెల్లగా డెల్టా ముందుకు పెరిగింది. సుమారు 6,000 ఏళ్ల క్రితం సముద్రపు ఒడ్డు కొల్లేరు దరిదాపుల్లో ఉండేది. ఇప్పుడు తీరానికి ఎంతో ఇవతల, పొలాల మధ్య కనిపించే పొడవాటి ఇసుక మెరకలు ఒకప్పటి ఒడ్డులే. మా అమ్మమ్మగారి ఊరు అలాంటి మెరక మీదే ఉంది. 'తరతరాలుగా మాది ఇదే ఊరు' అని మా వాళ్లు గర్వంగా అంటారు. ఆ ఊరి నేల మాత్రం ఎక్కడో మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణల నుంచి కొట్టుకొచ్చి చేరినది. నేలే వలస వచ్చింది!

మిగిలినవి క్లుప్తంగా. రాజస్థాన్‌లోని డిడ్వానా ఉప్పు సరస్సు అడుగు పొరల్ని పరీక్షిస్తే, చలి దశలో అది గాఢమైన ఉప్పునీటితో ఉండేదని, తర్వాత వానలు పెరిగాక మంచినీటి సరస్సయిందని తేలింది. మహారాష్ట్రలోని పాట్ణే దగ్గర మనుషులు గీతలు చెక్కిన ఉష్ట్రపక్షి గుడ్డు పెంకులు దొరికాయి. అవి సుమారు 25,000 ఏళ్ల నాటివి. అంటే అప్పుడు మన దేశంలో ఉష్ట్రపక్షులు తిరిగేవి. వెల్లింగ్‌టన్‌లో ఉండే సైనికుల పిల్లలు నీలగిరుల్లో ఎర్రగా పూసే రోడోడెండ్రాన్ చెట్టును చూసే ఉంటారు. దాని చుట్టాలంతా హిమాలయాల్లో ఉన్నారు. చలి కాలాల్లో మధ్యనున్న కొండల మీదుగా ఆ మొక్క దక్షిణానికి వచ్చిందని, వేడెక్కాక పైకొండల మీద మాత్రమే మిగిలిందని కొందరు శాస్త్రవేత్తల ఊహ. మేఘాలయలోని మామ్లూ గుహలో నీటిచుక్కలు పేర్చిన సున్నపు స్తంభంలో 4,200 ఏళ్ల నాటి పెద్ద కరవు గుర్తు దొరికింది. దాని ఆధారంగా 2018లో భూమి చరిత్రలో మనమున్న కాలానికి 'మేఘాలయన్' అని పేరు పెట్టారు. షిల్లాంగ్ బదిలీ వచ్చిందని ముఖం ముడుచుకునేవాళ్లు ఈ మాట గుర్తుచేసుకోవాలి.

మేము చేసిన పొరపాటు

ఇప్పుడు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఒక పాఠశాలలో వక్తృత్వ పోటీకి మేము న్యాయనిర్ణేతగా కూర్చున్నాం. అంశం వాతావరణ మార్పు. ఒక విద్యార్థి గొప్పగా మాట్లాడాడు. "మంచు యుగాలు వచ్చాయి, పోయాయి. అప్పుడు కార్లు లేవు, ఫ్యాక్టరీలు లేవు. వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది. మరి ఇప్పుడెందుకు భయం?" అన్నాడు. భాష చక్కగా ఉంది, ఉచ్చారణ స్పష్టంగా ఉంది. హాలంతా చప్పట్లు. మేము మొదటి బహుమతి ఇచ్చాం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భాషకు మార్కులు వేశాం గాని, వాదనలో ఉన్న బొక్క మాకు కనిపించలేదు. కారణం మాకు కూడా మంచు యుగం గురించి సగమే తెలుసు. సగం తెలిసినవాడి చేతిలో అది సాకుగా మారుతుంది. కాలనీ పార్కులో, రైలు ప్రయాణంలో పెద్దవాళ్లు ఇదే మాట అనడం మీరు కూడా వినే ఉంటారు. అందుకే ఆ మిగతా సగం ఇక్కడ రాస్తున్నాం.

వాతావరణం ఎప్పుడూ మారిందన్నది నిజమే. అయితే ఎంత వేగంగా మారిందో చూడాలి. 5, 6 డిగ్రీల వేడి పెరగడానికి భూమికి సుమారు పది వేల ఏళ్లు పట్టింది. మధ్యలో కొన్నిచోట్ల ఒడుదొడుకులు వేగంగా వచ్చినా, మొత్తం మీద లెక్క అది. ఇప్పుడు 150 ఏళ్లలోపే 1 డిగ్రీకి పైగా పెరిగింది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాత గాలిబుడగలు 8 లక్షల ఏళ్ల లెక్క చెబుతాయి. పదిలక్షల గాలి కణాల్లో కార్బన్ డయాక్సైడ్ చలి దశల్లో 180 నుంచి 190 వరకు, వెచ్చని దశల్లో 280 ప్రాంతంలో ఉండేది. ఆ 8 లక్షల ఏళ్లలో ఎన్నడూ 300 మించి నిలవలేదు. ఇప్పుడు 420 దాటింది. ఈ పెరుగుదలకు భూమి వాలు, కక్ష్య కారణం కాదు. వాటి లెక్క ప్రకారమైతే ఉత్తరాన వేసవి ఎండ కొన్ని వేల ఏళ్లుగా మెల్లగా తగ్గుతోంది, భూమి కాస్త చల్లబడాలి. ఈ పెరుగుదల మనం తవ్వి తగలబెట్టిన బొగ్గు, చమురు వల్ల వచ్చింది. మంచు కరిగాక కోట్ల ఏళ్లకు పోగుపడినదాన్ని రెండు మూడు శతాబ్దాల్లో కాల్చేస్తున్నాం.

ఇలా రాస్తే గని ఊళ్లో ఉండే మన పిల్లలు నొచ్చుకుంటారని తెలుసు. మీ నాన్న తవ్విన బొగ్గుతోనే మా ఇంట్లో దీపం వెలుగుతోంది. ఆయన తప్పు చేస్తున్నాడని మేము అనడం లేదు. ఆయన కష్టంతో వచ్చిన కరెంటును వృథా చేసే మనందరికీ ఇందులో వాటా ఉందంటున్నాం. రేపు ఆ కరెంటును మరోలా పుట్టించే ఇంజనీర్లు ఆ టౌన్‌షిప్ బడుల నుంచే రావచ్చని కూడా ఆశపడుతున్నాం.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. మంచు యుగంలో సముద్రం పైకొస్తే మనుషులు లేచి పక్కకు జరిగారు. జనం కొద్దిమంది, నేల బోలెడు. ఇప్పుడు తీరం పొడవునా ఊళ్లున్నాయి, పొలాలున్నాయి, పట్టాలున్నాయి, అప్పులున్నాయి. ఒడిశాలోని కేంద్రపడా జిల్లా సాతభాయా గ్రామాలను సముద్రం ఒక్కొక్కటిగా మింగింది. మిగిలిన కుటుంబాలను ప్రభుత్వం బగపాటియా అనే చోటికి తరలించింది. కాకినాడ దగ్గర ఉప్పాడలో కెరటాలు రోడ్డును, ఇళ్లను కోస్తూనే ఉన్నాయి. ఇలాంటి కోతకు సముద్రమట్టం ఒక్కటే కారణం కాదు. ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోవడం లాంటివి కూడా ఉంటాయి. అయినా ఇల్లు పోయినవాళ్లకు కారణాల జాబితా ఊరటనివ్వదు.

మనకు బదిలీ అంటే ఏమిటో తెలుసు. స్నేహితులు విడిపోతారు, కుక్కపిల్లను ఎవరికో ఇచ్చేస్తాం, కొత్త బడిలో మొదటి వారం ఎవరూ పక్కన కూర్చోరు. అయినా మనకు ఉత్తర్వు చేతికొస్తుంది, సామానుకు భత్యం వస్తుంది, కొత్త ఊళ్లో క్వార్టరు ఎదురుచూస్తుంది. ఉప్పాడ పిల్లలకు, సాతభాయా పిల్లలకు అలాంటి ఉత్తర్వు రాదు. వాళ్ల బాధను మనకన్నా బాగా ఎవరు అర్థం చేసుకోగలరు? ఆ పోటీలో మేము అడగాల్సిన ప్రశ్న ఇదే. అడగలేదు.

మేము కోరేది

దీనికి పరీక్షలో మార్కులుండవని, అందుకే ఎవరూ చదవరని మా తోటి ఉపాధ్యాయులు కొందరు అంటారు. సిలబస్ మార్చమని మేము అడగడం లేదు. బదిలీ అయ్యే ప్రతి బిడ్డకూ ఒక నోటుపుస్తకం చాలు. దానికి 'నేల పుస్తకం' అని పేరు పెట్టుకోండి.

కొత్త ఊరికి వెళ్లిన మొదటి నెలలోనే అక్కడి మట్టి రంగు, రాయి రకం, నీటి రుచి రాసుకోండి. రాళ్లు సర్ది ఉన్నాయా, కలగలిసి ఉన్నాయా చూడండి. బావి తవ్వేవాళ్లను, పశువులు కాసేవాళ్లను, చేపలు పట్టేవాళ్లను అడగండి. పెరోదాఁ లాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల మాట వినేవాళ్లే తక్కువ. తర్వాత మీ భూగోళం మాస్టారినో మేడమ్‌నో అడిగి సరిచూసుకోండి. ఒక్క పేజీ రాయండి, మీ ఇంటి భాషలో రాయండి. 'హిమానీనదం' అన్న మాట తెలుగులో పలికి రాసిన పిల్లవాడికి ఆ మంచు కాస్త సొంతమవుతుందని భాషా ఉపాధ్యాయులుగా మా నమ్మకం. బదిలీ వచ్చినప్పుడు ఆ పేజీ నకలు ఒకటి బడి గ్రంథాలయంలో వదిలి వెళ్లండి. మీ తర్వాత ఆ క్వార్టర్లోకి వచ్చే పిల్లలకు అది మొదటి స్నేహమవుతుంది.

తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. సెలవుల్లో ఊరికి వెళ్లేటప్పుడు రైలు గోదావరి వంతెన మీదకు వస్తే పిల్లల చేతిలో ఫోను తీసి పక్కన పెట్టించండి. నాణెం వేయించండి, దండం పెట్టించండి. దాంతోపాటు ఆ ఒండ్రు ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క మాట చెప్పండి.

ఆ ఆరో తరగతి పాప విషయానికి వస్తే, ఫారంలో చివరికి తాతగారి ఊరే రాయించాం. కార్యాలయానికి ఏదో ఒకటి కావాలి కదా! కాని మా తెలుగు తరగతిలో 'మా ఊరు' వ్యాసానికి తనను మూడు ఊళ్ల గురించీ రాయమన్నాం. జోధ్‌పూర్ ఇసుక, జబల్‌పూర్ పాలరాతి కొండలు, శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు మూడూ రాసింది. ఏడాది తిరగకుండానే వాళ్ల నాన్నగారికి మళ్లీ బదిలీ అయింది. వెళ్లేరోజు పుస్తకంలో నాలుగో ఊరికి ఒక పేజీ ఖాళీగా ఉంచుకున్నానని చూపించింది.

మీరు కూడా ఒక పేజీ రాయండి. వచ్చే సంచికకు పంపండి. ఏ ఊరి నుంచి పంపినా సరే, అది మన ఊరే.